నీలికలువకు కాపలా

ఏప్రిల్ 6, సోమవారం
పొల్లాచ్చి సంతలో మొగ్గలతో సహా నీలికలువ మొక్క కొన్నాను. మేడ మీద సిమెంటు తొట్టిలో పెట్టాను. మా ఆవిడ రాజమ్మాళ్‌కు ఆ చోటు వడియాలకు కావాలట.
"ఆదివారం లోపల అది పూసేది మీ కంటితో చూస్తిరా, తొట్టి ఉండనీ. లేకుంటే మేడ నాది" అంది.
ఇదెంత పని! తామర సూర్యుణ్ణి చూసి, కలువ చంద్రుణ్ణి చూసి పూస్తాయని మా అవ్వ ఉగ్గుపాలతో నేర్పింది. తమిళ బడిలో చదివినా ఆ ముక్క మరవలేదు. ఈ రాత్రి నుంచే జాగారం. చాప, టార్చి, ఫ్లాస్కులో కాపీ, మురుకులు సిద్ధం.

7, మంగళవారం
చంద్రుడే పదకొండు దాటాక వచ్చాడు. ఆయనకే లేని శ్రద్ధ కలువకు ఎక్కడిది? తెల్లవారుజామున దిగి పడుకున్నాను. లేచేసరికి భోజనం వేళ.

8, బుధవారం
దోమలు. మెట్ల మీద నుంచే కాపలా.

9, గురువారం
రాత్రి ఉన్న మొగ్గ సాయంత్రానికి లేదు. ఎలుక పనే. బోను పెట్టాను. రాజమ్మాళ్ బోను చూసి నవ్వింది. ఆమె నవ్వితే నాకు భయం.

11, శనివారం
రెండో మొగ్గా పోయింది. బోనులో నా కాలి బొటనవేలు పడింది. ఇక పడక మీద నుంచే కాపలా. కిటికీ తెరిచే ఉంచాను.

12, ఆదివారం
ఓడిపోయాను. దిగులుగా ఉంది. తొట్టి దించే ముందు దండం పెట్టుకుందామని, వారం తర్వాత, పూజగదిలోకి వెళ్ళాను. పెరుమాళ్ పాదాల దగ్గర నీలికలువ!
"ఇది ఎక్కడిది?"
"మేడమీదదే, నేనే కోస్తి. రాత్రి పూసేది తెల్లదండీ. నీలిది పొద్దెక్కినాక పూసి, మధ్యాహ్నం దాటితే మూసుకుంటుంది. అప్పుడు మీరు గురక పెడతా ఉండారు."
"పూసింది కదా, అయితే నేనే గెలిచాను."
"కంటితో చూసింది నేను."
బతిమాలితే ఒక్కరోజు గడువిచ్చింది.

13, సోమవారం
చీకటి ఉండగానే మేడెక్కాను. మూడో మొగ్గ భద్రంగా ఉంది. తూర్పు ఎర్రబడింది. చాప మీద కాస్త నడుం వాల్చాను.
కళ్ళు తెరిస్తే ఎండ మండిపోతోంది. పూవు మూసుకుంది. నా చుట్టూ వరసలు వరసలుగా వడియాలు. నా ముఖానికి ఎండ తగలకుండా తొట్టికి గొడుగు కట్టి ఉంది. దాన్ని చూశాక కోపం రాలేదు.
"లేపకూడదా?" అన్నాను.
"మూడుసార్లు లేపితి. 'దాన్ని కొంచెం నిలవమను, వస్తా' అంటిరి."
తొట్టి దించమని మాత్రం అనలేదు.
అదే పూవు ఇంకా రెండు మూడు రోజులు విచ్చుకుంటుందట. రేపటి నుంచి రాత్రి ఎనిమిదికే పడక. తెల్లారగానే మేడ. కూర్చోవాలి, పడుకోకూడదు.