నీ ఊరి మీద కనబడని అల

తమ్ముడూ,

పాప పుట్టినరోజు ఫోటో అందింది. దాని సంగతి చివర్లో రాస్తాను.

ముందు ఆఫీసు సంగతి. మేఘాలకు పైన, మన గాలికీ దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ అనే పొరకీ నడుమ ఈ వారం పెద్ద అల ఒకటి పడమటి నుంచి తూర్పుకు సాగింది. అలాంటిది వస్తే కింది తేమగాలి పైకెక్కుతుంది, పై పొడిగాలి కిందికి దిగుతుంది. నీకు పడమటనున్న వాతావరణ స్టేషన్ రోజూ పైకి వదిలే కొలతల బుడగ దాన్ని పట్టింది. తర్వాత తూర్పు స్టేషన్ బుడగ కూడా పట్టింది. మధ్యలో నీ స్టేషన్ బుడగ కొలిచిందని నువ్వు పంపిన అంకెలు మాత్రం ముందురోజు అంకెలకు కవలపిల్లల్లా ఉన్నాయి.

నిన్ను చూసి మొహమాటపడి అల పక్కనుంచి పోయిందా? పరికరం పాడైందని మాత్రం రాయకు. నీ సాకులన్నీ నాకు చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు.

ఇక ఫోటో. పాప వెనక, గుమ్మం కంటే వెడల్పున్న ఆ తెల్ల బుడగ ఏ కొట్లో దొరికిందిరా? అల నీ ఊరు దాటిన రోజు, అంటే పాప పుట్టినరోజునే, నీ బుడగ ఎంత ఎత్తుకు వెళ్ళిందని మా పై అధికారి అడుగుతున్నాడు. మీ వసారా కప్పు దాకా అని చెప్పనా?

ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. అది కప్పుకు ఆనుకుని తేలుతోందంటే, అందులో ఉన్నది నిప్పు సోకితే భగ్గుమనే మన స్టేషన్ హైడ్రోజన్ గ్యాసే. దాని కిందే కదరా పాప కొవ్వొత్తులు ఊదుతోంది!

అక్క