జంట ఇళ్ల అబద్ధం

అనంతగిరి కొండ మీద నుంచి,
శుక్రవారం, వానలో.

ప్రియమైన మేనకోడలు కృపావతికి,

ప్రభువు కాపుదల నీకుండాలని సైలస్ మావయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమమే. ఆ మాట లేకపోతే అది ఉత్తరమే కాదంటుంది మీ అమ్మ, అందుకని రాశాను. హాస్టల్ సాంబారు తాగి చిక్కిపోయావా, మీ పరిశోధన గైడు మేడంలా లావెక్కావా?

అయిదు రోజులుగా ఒకటే వాన. ఫోను టవర్ పడుకుంది. కాఫీ గింజల జీపు పోతురాజు విశాఖపట్నం వస్తున్నాడని ఈ కాగితం ఇచ్చి పంపుతున్నాను. నోటితో చెప్పి పంపితే దారిలో ప్రతి టీ కొట్టులోనూ చెబుతాడు.

సిద్ధాంతం అంటే ఏమిటే, నంజుకుంటారా అని నేను వెక్కిరిస్తే, పోయిన ఉత్తరంలో ఓపిగ్గా జవాబిచ్చావు. విపత్తు వచ్చాక ఒక ఊరు తేరుకుంటుంది, పక్క ఊరు తేరుకోదు. ఎందుకో వెతకాలంటే ముందు చేతిలో ఒక ఆలోచన ఉండాలి, అది కాఫీ పళ్లు కోసే బుట్ట లాంటిది అన్నావు. తొమ్మిదిలో బడి మానేసిన నాకే అర్థమైంది. చుట్టరికాలు గట్టిగా ఉన్న ఊరు త్వరగా లేస్తుందన్నది నీ బుట్ట. బాగుంది. కానీ బుట్ట నింపాలన్న తొందరలో పచ్చికాయలు కూడా పడతాయమ్మా.

మన ఊరి జంట ఇళ్ల ఆచారం చివరిసారి ఎప్పుడు పాటించారని మీ మేడం అడిగిందట కదా. కాస్త ఆగి చెబుతాను.

మీ అమ్మ ఇంటి వెనక తోటలో నేల పగిలింది. ఆదివారం నా వేలు పట్టింది. నిన్న మణికట్టు దాకా చెయ్యి దూరింది. సిల్వర్ ఓక్ చెట్లు రెండు ఇంటి మీదికి ఒరిగాయి. ఆ వాలు కింద మీ అమ్మ ఇంటితో కలిపి ఏడు ఇళ్లున్నాయి. పరుగెత్తి చర్చి గంట కొట్టాను. ఎవరూ కదల్లేదు. ఆ ఏడిళ్లలో ఒకదాన్లో ఉండే స్వర్ణ మాత్రం కిటికీలోంచి, "ఈసారి ఏ బిషప్ గారొచ్చారు బావా?" అని అరిచింది. నిరుడు ఏప్రిల్ ఒకటిన అదే గంట కొట్టి, బిషప్ గారొచ్చారని చెప్పి, ఊరందరినీ ఇస్త్రీ బట్టల్లో గంటసేపు నిలబెట్టింది నేనేగా.

మీ అమ్మ దగ్గరికెళ్లాను. "మా ఇంటికి వచ్చెయ్యి సోములక్కా, కొండ జారిపోద్ది" అన్నాను.

"కొండ నీతో సెప్పిందేట్రా? నీ ఏసాలు నా కాడ ఎయ్యకు. నానెక్కడికీ రాను."

కొండ జారితే మోగే సైరను, తలదాచుకునే షెడ్డు సర్కారు ఇచ్చే ఊళ్ల జాబితాలో మన ఊరు లేదు. ఎందుకు లేదని ఆ జాబితా రాసే సర్వే బాబుని అడిగాను. "మీకు జంట ఇళ్ల పద్ధతి ఉంది కదండీ, మీది గట్టి ఊరు. మీ మేనకోడలే రాసింది" అన్నాడు.

కృపా, అలాంటి ఆచారమేదీ లేదు. ప్రతి దిగువ ఇంటికీ ఎగువన ఒక జంట ఇల్లుంటుందని, ప్రమాదం వస్తే అడక్కుండా ఆ ఇంట్లో దూరిపోతారని నీకు చెప్పింది నేనే. ఇంకో నలుగురికి నేర్పించి చెప్పించింది కూడా నేనే. నువ్వడిగే ప్రశ్నల్లోనే నీకు కావలసిన జవాబు కనబడింది. ఒకటి చెప్పగానే నీ మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి ఇంకో రెండు కలిపాను. నవ్వుకోవడానికే అనుకున్నాను. నువ్వు పుస్తకంలోకి ఎక్కించాక నిజం దాచేశాను.

ఇవాళ పొద్దున మీ అమ్మ ప్రార్థన కూడికకి వెళ్లగానే బియ్యం, బైబిలు, మేకపిల్ల ఎగువనున్న మా ఇంటికి చేర్చాను. తర్వాత నిచ్చెన వేసి, ఆమె ఇంటి పైరేకులన్నీ విప్పేశాను. తిరిగొచ్చి చూసి, "ఒరే సచ్చినోడా! ఇదేటి పని సేసినావురా! నీ సేతులిరిగిపోనూ!" అని వీధంతా వినబడేలా అరిచింది. తడుస్తూ ఎంతసేపు నిలబడుతుంది? మా ఇంటికొచ్చింది.

ఇంకా ఆరు ఇళ్లున్నాయి. అన్ని కప్పులూ విప్పడానికి నాకు చేతులు చాలవు, ఎవరూ విప్పనివ్వరు. నా మాట నమ్మరు. చదువుకున్న గుంటవి, నీ మాట వింటారు. పోతురాజు జీపు ఖాళీగానే తిరిగొస్తుంది, అందులో ఎక్కి వచ్చెయ్యి. నీ పుస్తకంలో ఆ ఆచారం ఉన్న పేజీలో సైలస్ అనేవాడు అబద్ధం చెప్పాడని నా పేరు పెట్టి రాసుకో. చర్చి గంట కొట్టినా జనం ఎందుకు కదల్లేదో కూడా రాయి. అది మాత్రం నిజం.

గోడకవతల మీ అమ్మ ఇంకా తిడుతూనే ఉంది. ఆ గొంతు వినబడుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉంది. మిగిలిన ఆరిళ్ల వాళ్ల తిట్లు కూడా ఇక్కడ కూర్చునే వినాలి. బేగి రా తల్లీ.

ఇట్లు,
నిన్ను మోసం చేసిన నీ మేనమామ,
సైలస్