పేగు తీగలు

1984 జనవరి 21, శనివారం

కాలేజీ వుడ్‌వర్క్ క్లాసులో పదకొండు మందిమి. ఆడదాన్ని నేనొక్కదాన్నే. మా టీచర్ వెర్నర్, డెబ్బై దాటిన జర్మన్ ముసలాయన, మగవాళ్లకి ఉలులు పంచి నా చేతిలో గరుకు కాగితం పెట్టాడు. లేచి వెళ్లి ఉలి నేనే తెచ్చుకున్నాను.

ఈ టర్మ్‌లో చేసేది లైర్. వెయ్యేళ్లకి పైబడ్డ జర్మానిక్ జాతుల వాద్యం. పాత సమాధుల్లో దొరికిన ముక్కల్ని చూసి డ్రాయింగ్ గీశారట. ఒకే దిమ్మని డొల్లగా తొలిచి, పైన పల్చటి పలక అతికించాలి. రెండు చేతులు, వాటి మీద అడ్డకమ్మి, ఆరు తీగలు, అంతే. ఓక్‌తోనూ చేశారట, మేపుల్‌తోనూ చేశారట. రెండు దిమ్మల్నీ వేలి కణుపుతో కొట్టి విని మేపుల్ తీసుకున్నాను. కొట్టి వినడం ఎక్కడ నేర్చుకున్నావని వెర్నర్ అడిగితే మా తాత వడ్రంగి అని చెప్పాను.

అబద్ధం. అమెరికా వచ్చి, ఈ సన్నీవేల్‌లో ఒక జర్మన్ ముసలాయనకి కూడా అబద్ధం చెప్పాలా? అలవాటైపోయింది.

ఫిబ్రవరి 12, ఆదివారం

ఒళ్లు మండిపోతోంది. మా ఆయన ప్రేమానందం తెలుగు ఫెలోషిప్‌కి సెక్రటరీ. ఇవాళ అనౌన్స్‌మెంట్ల మధ్యలో, నా భార్య మణి బైబిల్ వాక్యంలో ఉన్న సితారా లాంటిది తయారుచేస్తోందనీ, ఈస్టర్‌కి మన మధ్య వాయిస్తుందనీ చెప్పేశారు. నన్నొక్క మాట అడగలేదు. తొలిచేది నేను, బొబ్బలెక్కినవి నా చేతులు, తారీఖు పెట్టేది ఈయన.

తర్వాత టీ దగ్గర జయంతి గారు పట్టుకుంది. ఆరేళ్లుగా ఒకటే ప్రశ్న. మీది అసలు ఏ మిషనండీ అని. మిషన్ చెబితే ఊరు అడుగుతారు, ఊరు చెబితే ఊళ్లో ఎటువైపు అని అడుగుతారు, అది చెప్పాక ఇంక అడగడానికి ఏమీ మిగలదు. ఈయన ఎక్కణ్నుంచి ఊడిపడ్డారో, గుంటూరండీ, టీచర్ల ఫ్యామిలీ అని నా బదులు చెప్పేశారు. నేను టీ తాగుతూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

జయంతి గారి అమ్మ దీనమ్మ గారు జనవరిలో విజిటర్ వీసా మీద వచ్చింది. ఎనభై ఉంటాయేమో. మూల కుర్చీలో కూర్చుని నా చేతుల మీది బొబ్బలు చూస్తూ ఉంది.

మార్చి 3, శనివారం

డొల్ల అయిపోయింది. పలక అతికించాను. కొడితే పలుకుతోంది. తీగలు బిగించే బిరడలు యాష్ చెట్టు కర్రతో చేశాను.

తీగల దగ్గర ఆగింది. స్టీల్ వేస్తే ఈ పలక ఆ లాగుడికి తట్టుకోదు. క్లాసంతా నైలాన్ వేసుకుంటున్నారు. అసలు వాడినవి గొర్రె పేగుతోనో గుర్రపు వెంట్రుకతోనో పేనినవి అయి ఉంటాయనీ, పేగు ఎలా పేనుతారో తనకి తెలీదనీ వెర్నర్ అన్నాడు.

నాకు తెలుసు అన్నాను. నోరు జారలేదు. తెలిసే అన్నాను.

మార్చి 10, శనివారం

రాసేస్తాను. ఇది నా పుస్తకం. మేం మాదిగలం. మా సామ్యూల్ తాతది తోలు పని. డప్పులకి తోలు మూసేవాడు. దూది ఏకే వింటికి పేగు నారి పేనేవాడు. నేను రెండో కొస పట్టుకునేదాన్ని. ఒంగోలు హాస్టల్లో చేరాక సెలవులకి వచ్చినా పట్టుకోలేదు. వాసనని ముక్కు మూసుకున్నాను. ఆయన రెండో కొసని గుంజకి కట్టుకున్నాడు.

శాన్ హోసేలో హలాల్ షాపు ఆయన పేగులు ఊరికే ఇచ్చాడు. బాల్కనీలో బకెట్ పెట్టి కడిగాను. బూడిద దొరక్క వాషింగ్ సోడా కలిపాను. నాలుగు రోజులు నానాలి. వారమంతా చిప్‌లు చేసే ఫ్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద సిలికాన్ వేఫర్లు చూసే చేతులు ఇవి. కత్తి వీపుతో గీకడం మొదలుపెట్టగానే ఎంత ఒత్తాలో వాటికే గుర్తొచ్చింది.

మార్చి 14, బుధవారం

పారేశాడు.

మార్చి 15, గురువారం

నేను డ్యూటీలో ఉండగా ఈయన పేగుల్ని బకెట్‌తో సహా చెత్త డంప్‌స్టర్‌లో వేసి, బాల్కనీ అంతా బ్లీచ్ కొట్టి పెట్టారు. అడిగితే, ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది ఈ కంపు వదిలించుకోడానికి కాదా అన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. క్లాసు మొత్తం నైలాన్ వేస్తుంటే నీకేం రోగం అన్నారు.

ఈయన తాత పనీ అదే. పెళ్లిలో ఇద్దరు తాతల గురించీ ఎవరూ మాట్లాడలేదు. ఫెలోషిప్‌లో ప్రార్థనకి నిలబడి, ప్రభువు మన పాపాలన్నీ సముద్రంలో పారేశాడని కన్నీళ్లు పెట్టుకునే మనిషి, మా తాతని డంప్‌స్టర్‌లో పారేశాడు. వంట చేయలేదు. పాలల్లో సీరియల్ వేసుకు తిని పడుకున్నారు. తిననీ.

ఏప్రిల్ 7, శనివారం

రెండోసారి పేగుల బకెట్ వెర్నర్ ఇంటి పెరట్లో పెట్టాను. ఇవాళ పేనాం. ఆయన రెండో కొస పట్టుకున్నాడు. వడ్రంగి అన్నది అబద్ధమనీ, మా తాతది తోలు పని అనీ చెప్పాను. మంచి హస్తకళ అని మెచ్చుకున్నాడు. ఆయనకి చెప్పడం ఎంత తేలికో. అందులో ఏముందో ఆయనకి తెలీదు మరి. అదీ కోపంగానే ఉంది.

ఆరు తీగలూ ఎక్కించాను. లైర్ గొంతు కాస్త మందంగా ఉంది. ఎక్కడ తప్పు చేశానో తెలీడం లేదు.

ఏప్రిల్ 22, ఈస్టర్, సాయంత్రం 7

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఈయన మైక్ ముందు నన్ను పరిచయం చేస్తూ, ఇవి జర్మనీ నుంచి తెప్పించిన స్పెషల్ నైలాన్ తీగలు అన్నారు. ఎవరైనా అడిగారా? లేదు. ముందు జాగ్రత్త. నేను మైక్ లాక్కున్నాను. గొర్రె పేగులండీ, నేనే పేనాను, మా తాత నేర్పాడు, ఒంగోలు దగ్గర తోలు పని చేసేవాళ్లం అన్నాను. తర్వాత వాయించాను. రెండు పాటలు అనుకున్నది ఒకటే వాయించాను. చప్పట్లు లేవు. పాస్టర్ గారు చప్పున ప్రార్థన మొదలుపెట్టారు.

భోజనాల దగ్గర నా పులిహోర గిన్నె నిండుగా అలాగే ఉంది. అందరూ పక్కనున్న చికెన్ వడ్డించుకున్నారు. పులిహోర అయినా ముట్టుకుంటే అంటుకుంటుందా? జయంతి గారు నా వైపు చూడనైనా చూడలేదు. ఆరేళ్లు అడిగిందిగా, జవాబు దొరికింది.

అప్పుడు దీనమ్మ గారు మూల కుర్చీలోంచి లేచి వచ్చింది. లైర్ ఒళ్లో పెట్టుకుంది. ఒక తీగని రెండు వేళ్ల మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సోడా వేసినట్టున్నావు అమ్మాయ్, కొవ్వు ఇంకా ఉంది, చింతకట్టె బూడిద వెయ్యాలి, మా ఆయన అదే వేసేవాడు అంది. ఆవిడది సన్నటి గొంతే గాని, ఆ హాల్లో అప్పుడు ఇంకెవరూ మాట్లాడడం లేదు.

జయంతి గారు పరుగున వచ్చి వాళ్లమ్మని జబ్బ పట్టుకుని లేపింది. అమ్మకి మతిమరుపండీ, ఏదో మాట్లాడుతుంది అని చుట్టూ అందరికీ చెప్పింది. దీనమ్మ గారు కూతురి ముఖం వంక చూసి, నా పులిహోర రెండు గరిటెలు పెట్టుకుని వెళ్లి మూల కుర్చీలో కూర్చుంది. మొత్తం తింది.

ఏప్రిల్ 23, సోమవారం

ఈయన మాట్లాడడం లేదు. నేనూ మాట్లాడడం లేదు. సెక్రటరీ పని మానేస్తానని ఉత్తరం రాశారు. ఇంకా పోస్ట్ చేయలేదు.

మే 5, శనివారం

దీనమ్మ గారు పొద్దున్నే టాక్సీలో వచ్చింది, జయంతికి చెప్పకుండా. చింతకట్టె ఇక్కడెక్కడ దొరుకుతుందని అడిగితే నవ్వి, పార్కులో బార్బెక్యూ పొయ్యిలోంచి ఎత్తుకొచ్చిన బూడిద సంచీ చూపించింది. ఈ వారం నేను నానబెట్టిన పేగులకి ఆ బూడిద పట్టించి, బాల్కనీలో పీట వేసుకుని పేనుతోంది. రెండో కొస పట్టుకోడానికి మనిషి కావాలంది. నేను బకెట్ కడుగుతున్నాను.

ఈయన్ని పట్టుకోమన్నాను. కోపం తగ్గి కాదు.

పట్టుకున్నారు. ముక్కు మూసుకోలేదు.