ఇంగ్లీషులో రేపు

ధవళేశ్వరం,
మే 2, శనివారం.

ప్రియమైన రూబీకి,

మీ అమ్మ ముద్దులతో, దీవెనలతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, నాన్నగారూ, నానమ్మా ఆరోగ్యంగా ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను అని రాయడం వాడుక. నీ ఉత్తరం మూడుసార్లు చదివాక ఆ మాట రాయబుద్ధి కాలేదు. నువ్వు బాగా లేవు. ఆదివారం వార్డెన్ గారు మీ చేతికి ఫోను ఇచ్చే పది నిమిషాల్లో, వెనక పిల్లలంతా వరసలో నిలబడి ఉండగా, తేలే విషయం కాదిది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నానమ్మ కంటికి కట్టు విప్పేశారు. చూపు బాగా ఆనుతోంది. పోయిన ఆదివారం గుడిలో పాటల పుస్తకం తనే పట్టుకుని చదివింది, పక్కావిడ తప్పు పాడితే ఆపింది కూడా. నాన్నగారికి దాళ్వా వరి కోతలు అయిపోయాయి. కాలువలకు నీళ్ళు కట్టేశారు కదా, పూడిక తీసే పనికి వెళ్తున్నారు. మన అంగన్‌వాడీ టీచరు సూరమ్మ గారు వచ్చే నెలాఖరున రిటైరవుతున్నారు. పద్నాలుగేళ్ళుగా అక్కడ ఆయాగా ఉన్న నాకు, పది పాసైతే ఆ పోస్టులో ముందు అవకాశమని సూపర్‌వైజరు గారు అన్న సంగతి నీకు తెలుసు. అదేమైందని అడిగావు. కాస్త ఆగు, చెబుతాను.

ఇక నీ నర్సింగు కాలేజీ ఇంగ్లీషు పరీక్ష. భవిష్యత్ కాలం మీద పది ఖాళీలు ఇస్తే పదింటిలోనూ ‘విల్’ పెట్టానని, మూడే ఒప్పయ్యాయని, ఈ ఇంగ్లీషుతో రోగి కేసు షీటు ఏం రాస్తావని మేడమ్ గారు అందరి ముందూ అన్నారని రాశావు. రేపటికి విల్ కాకపోతే ఇంకేం పెట్టాలి అని నన్నడిగావు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది తల్లీ. ఏడాదిగా నేర్చుకున్నది అదే.

ఫిన్నీ మాస్టారు గారు నీకు గుర్తే కదా, మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పెద్దాయన. ఇప్పుడు కాళ్ళు వాచి నడవలేరు. రోజూ సెంటరు మూసేశాక ఐదింటికి వాళ్ళ వరండాలో కూర్చుంటాను. అంగన్‌వాడీ ఫోనులో రిపోర్టులు ఇంగ్లీషులో వస్తున్నాయి, అందుకే వెళ్తున్నానని మీ అందరికీ చెప్పాను. మొదటిరోజు ఆయన పుస్తకం తీయలేదు. రేపు ఏం చేస్తావో ఇంగ్లీషులో చెప్పమన్నారు. ఐ విల్ కుక్, ఐ విల్ స్వీప్, ఐ విల్ గో టు సెంటర్ అన్నాను. ఆయన నవ్వి, “రేపు వంట చేయాలని ఇప్పుడే అనుకున్నావా అమ్మా?” అన్నారు. నాకు అర్థం కాలేదు.

అప్పుడు చెప్పారు. మనం ‘వెళ్తాను’ అనే ఒక్క మాటతో అన్నీ నడిపేస్తాం. రోజూ వెళ్తాను, రేపు వెళ్తాను, సరే వెళ్తానులే, అన్నిటికీ అదే. ఇంగ్లీషువాళ్ళ క్రియకు నిన్నటి రూపం ఉంది గాని రేపటి రూపం లేదట. అందుకని వాళ్ళు పక్క మాటల సాయం తెచ్చుకుంటారు. ఏ సాయం తెచ్చుకోవాలో ఆ పని మన మనసులో ఎంతవరకు వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుందట.

ఆయన చెబుతుండగానే చినుకులు మొదలయ్యాయి. తీగ మీద బట్టలున్నాయని మాస్టారు గారి భార్య లోపలినుంచి కేకేశారు. నేను తీస్తానండీ అని లేచాను. “అదిగో, అదీ విల్. అంతకుముందు నీ మనసులో ఆ పని లేదు, ఇప్పుడు నోటి మాటతో పాటే పుట్టింది” అన్నారాయన. మాట ఇచ్చేటప్పుడూ, ఇలా జరగొచ్చని ఊహించేటప్పుడూ విల్లే. ముందే అనుకున్న పనికి ‘గోయింగ్ టు’. కళ్ళ ముందు గుర్తులు కనిపిస్తున్నా అదే. ధవళేశ్వరం ఆనకట్ట మీద నల్లటి మబ్బు పట్టింది చూడు, ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్. రోజు ఖాయం చేసుకుని, అవతలి మనిషికి చెప్పేసి, ఏర్పాట్లు కూడా అయిపోయాక మాత్రం, ఇప్పుడు జరుగుతున్నట్టే చెప్పాలి. సూరమ్మ గారు జూన్‌లో రిటైరవుతున్నారు అంటే, సూరమ్మ ఈజ్ రిటైరింగ్ ఇన్ జూన్. ఇక మన ఇష్టంతో పని లేని టైమ్ టేబుల్ ఉంటుంది కదా, సామర్లకోటలో రైలు ఆరింటికి బయల్దేరుతుందనుకో, దానికి వట్టి ‘లీవ్స్’ చాలు.

‘వెన్ షి విల్ కమ్’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేశారన్నావు. నేనూ అక్కడే తప్పు చేశాను. మాస్టారు గారు నన్ను తెలుగులో చెప్పమన్నారు. ఆవిడ వస్తే భోజనం పెడతాను అన్నాను. ఆ ‘వస్తే’లో రేపు ఎక్కడుందని అడిగారు. వెతికాను, లేదు. వాళ్ళకూ అంతే. వెన్, ఇఫ్ తర్వాత విల్ రాదు, వెన్ షి కమ్స్ అనాలి. రేపటి సంగతి రెండో సగం చూసుకుంటుంది. మనకు తెలియనిది కాదు రూబీ, మనం రోజూ మాట్లాడేదే. బెదిరిపోవడం వల్ల కనపడదు.

నీ ఉత్తరంలో నన్ను నిలవనీయనిది ఈ వ్యాకరణం కాదు. చివర్లో రాశావు: “నీకు ఒక్కసారికే పది వచ్చేసిందమ్మా, నాకు నీ బుర్ర రాలేదు. మేలో మళ్ళీ పెట్టే పరీక్ష రాయను, ఇంటికి వచ్చేస్తాను” అని. ఆ మాట చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. ఎందుకంటే నాకు పది రాలేదు. నేను అసలు పరీక్షే రాయలేదు.

ఇప్పుడు చెబుతున్నాను, విను. ఓపెన్ స్కూల్లో మిగతా సబ్జెక్టులన్నీ అంతకుముందే గట్టెక్కాను. ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. పోయిన ఏడు ఏప్రిల్‌లో ఆ పేపరు రోజున నువ్వే నాకు జడ వేశావు, నాన్నగారు రాజమండ్రి ఆటో ఎక్కించారు. పరీక్ష సెంటరు గేటు దగ్గర హాల్ టికెట్లు చూస్తున్నది ఎవరనుకున్నావు? దుర్గాశ్రీ. తొమ్మిదో తరగతి దాకా నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్ల. లెక్కలు నా నోట్సు చూసి రాసుకునేది. ఇప్పుడు టీచరు. మెడలో కార్డు వేసుకుని, పదహారేళ్ళ పిల్లల వరసలో ఒక్కొక్కరినీ చూసి లోపలికి పంపుతోంది. ఆ వరసలో నలభై రెండేళ్ళ నేను. ఇంకా ఆరుగురు ఉన్నారు నా ముందు. నేను వెనక్కి తిరిగాను.

పుష్కరాల రేవులో మెట్ల మీద కూర్చున్నాను. పరీక్ష అయ్యే వేళకు లేచి ఇంటికి వచ్చి, బాగానే రాశానని చెప్పాను. నానమ్మ ప్రార్థన చేసింది. జూన్‌లో ఫలితాలొచ్చినప్పుడు పాసయ్యానన్నాను. మెమో ఏదంటే ఇంకా రాలేదన్నాను. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఏడాదిపాటు రోజుకొకటి చెప్పాల్సి వచ్చింది. నేను నిజం చెప్పింది ఫిన్నీ మాస్టారు గారికొక్కరికే. ఆయన తిట్టలేదు. మళ్ళీ ఫీజు ఎప్పుడు కడుతున్నావు అని మాత్రం అడిగారు.

కట్టాను. పోయిన నెలలో సూపర్‌వైజరు గారి మీటింగని మీ నాన్నగారికి చెప్పి రాజమండ్రి వెళ్ళాను. అదే సెంటరు పడింది. అదే గేటు. మళ్ళీ దుర్గాశ్రీయే ఉంది. నీకు అబద్ధం చెప్పను రూబీ. వెనక్కి తిరగాలని ఈసారీ అనిపించింది. ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని నిలబడి, ముందున్న అమ్మాయి జడ వంకే చూస్తూ ఒక్కో అడుగూ వేశాను. దుర్గాశ్రీ నా హాల్ టికెట్ తీసుకుని, పేరు చూసి తలెత్తింది.

“పోయినేడు ఇక్కడిదాకా వచ్చి వెళ్ళిపోయావు కదూ” అంది మెల్లగా.

అవునన్నాను.

“చూశానే. పిలుద్దామనుకున్నాను. నేను పిలిస్తే నువ్వు సిగ్గుపడతావేమోనని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది” అంది. హాల్ టికెట్ నా చేతిలో పెట్టి, “మూడో గది, కిటికీ పక్క నంబరు. వెళ్ళు” అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఏడాదంతా నేను ఎవరికి భయపడ్డానో ఆ మనిషి ఈమేనా అనిపించింది.

పేపరు పూర్తిగా రాశాను. భవిష్యత్తు మీద ఐదు ఖాళీలు వచ్చాయి, నాలుగు ఖాయంగా ఒప్పు. ఐదోది ఇప్పటికీ తెలియదు. వచ్చే సెలవుల్లో ఏం చేయబోతున్నారో చెబుతూ ఇంట్లోవాళ్ళకు ఉత్తరం రాయమన్నారు. నీకే రాశాను. తొమ్మిది వాక్యాలు. ఒకచోట విల్ పెట్టి, కాసేపు ఆలోచించి కొట్టేశాను. బెల్లు కొట్టేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఫలితం ఇంకా రాలేదు. పాసవుతానో లేదో తెలియదు. పాసైన కాగితం చేతికొచ్చాక నీకు చెప్పాలనే అనుకున్నాను, కానీ అప్పుడు చెబితే అది తప్పు ఒప్పుకోవడం కాదు, గొప్ప చెప్పుకోవడం. పైగా నువ్వు నా అబద్ధంతో నిన్ను కొలుచుకుంటున్నావు. పోస్టు సంగతి కూడా అంతే. ఈసారి పోతే జూన్ తర్వాత సూరమ్మ గారి కుర్చీలోకి వేరే ఎవరో వస్తారు, నేను వాళ్ళ దగ్గర ఆయాగా ఉంటూ మళ్ళీ ఫీజు కడతాను. ఇది ఇప్పుడు నోటికొచ్చి అంటున్న మాట కాదు.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే నాన్నగారికి, నానమ్మకి అంతా చెప్పేశాను. నానమ్మ పడుకునేముందు నా తల నిమిరింది. నాన్నగారు మట్టి కాళ్ళు కడుక్కుంటూ విన్నారు.

“నాకు తెలుసు” అన్నారు.

ఎలాగండీ అన్నాను.

“ఆ రోజు కొత్త పెన్ను కొనిచ్చాను కదా. వచ్చాక చూశాను. రీఫిల్లులో చుక్క తగ్గలేదు.”

మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదండీ అంటే, అడిగితే నువ్వు ఇంక వెళ్ళవేమోనని, అన్నారు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన ముందు నేను అలా ఏడవడం అదే మొదటిసారి.

రూబీ, ఈ నెల పద్నాలుగున గురువారం నీకు మళ్ళీ ఇంగ్లీషు పరీక్ష ఉంది. ఈ ఉత్తరంలో రాసిన సంగతులు నీ నోట్సు పక్కన పెట్టుకుని, ఒక్కోదానికీ మన ఇంటి మాటలతో నాలుగేసి వాక్యాలు రాసుకో. కాస్త కష్టపడు. మేడమ్ గారు మళ్ళీ ఏమైనా అంటే విని ఊరుకో, సమాధానం కాగితం మీద చెప్పు. పదిహేడో తేదీ ఆదివారం నేనూ నాన్నగారూ నీ దగ్గరికి వస్తున్నాం, టికెట్లు తీసేశాం. వార్డెన్ గారికి ఫోను చేసి చెప్పాను కూడా. ఆ రోజుకీ నీకు ఇంటికి రావాలనే ఉంటే పెట్టె సర్దుకుని కూర్చో. మార్కులు ఎన్నని అడగను, ఎందుకని అడగను, పెట్టె నాన్నగారు మోస్తారు. కానీ పరీక్ష రాసి రావాలి. రాయకుండా గేటు దగ్గర్నుంచి వచ్చేసిన మనిషి ఈ ఇంటికి నేనొక్కదాన్ని చాలు.

ఇట్లు,
నీ రాక కోసం కాక నీ పరీక్ష కోసం ప్రార్థిస్తున్న
మీ అమ్మ,
రెబెక్కా.