ఎస్ ఎక్కడ పెట్టాలి

సుజాతా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది నిండింది. ఇవాళ మన ఇంట్లో జరిగింది నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మన బిడ్డ మంజుల పదో తరగతి ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని మగ్గం దగ్గరే చదివేదానివి, గుర్తుందా? చీరల కోసం గద్వాల వచ్చే దూరపువాళ్లతో మాట్లాడాలని నీ ఆశ. "షి వీవ్ అనొద్దు, షి వీవ్స్ అనాలె. హి, షి, ఇట్ కాడ ఎస్ పెట్టాలె. జర నువ్వు గూడ అను" అని సతాయించేదానివి. నాకు సిగ్గు. నోరు విప్పేవాణ్ని కాదు.

ఇప్పుడు చీరకు అంచు కలపడానికి నీ చోట మంజుల కూర్చుంటోంది. నేస్తూనే నాకు ఇంగ్లీషు చెబుతుంది. ఎస్ మరిచానా, అక్కడికక్కడే దిద్దుతుంది.

ఇవాళ బొంబాయి నుంచి ఒకావిడ వచ్చింది. మగ్గం చూసి, ఎవరు నేస్తారని ఇంగ్లీషులో అడిగింది. మంజుల చెప్పేలోపే నేను అందుకున్నాను.

"మై వైఫ్ అండ్ ఐ వీవ్."

ఆవిడ నవ్వి, నిన్ను పలకరిద్దామని వంటింటి వైపు చూసింది. అప్పటిదాకా నేనేమన్నానో నాకే తెలియలేదు.

ఆవిడ చీర తీసుకుని వెళ్లాక మంజులను అడిగాను.

"తప్పు చెప్పిన్నా బిడ్డా?"

అది దారం కండెలు సర్దుతూ తలెత్తలేదు.

"లేదు నాయినా. ఇద్దరుంటే ఎస్ రాదు. నువ్వు చెప్పింది కరెక్టే."

నీ
నర్సింహులు