పన్నెండుమంది ఓనర్లు, మూసిన షట్టరు

చెల్లీ,

జ్వరం తగ్గింది, బెంగ పెట్టుకోకు. ఆర్నెల్లు మీటింగులు పెట్టి నా గొంతు బొంగురుపోతే పోయింది గానీ, ఇక్కడి లాండ్రీ పనివాళ్లు సహకార సంఘంగా ఏర్పడి, తాము పనిచేసే లాండ్రీని తామే కొనుక్కున్నారు. నిన్నే మొదటిరోజు. నేను వెళ్లేసరికి పన్నెండుమంది ఓనర్లూ మూసిన షట్టరు ముందు వానలో తడుస్తూ నిలబడి ఉన్నారు.

"తాళంచెవి ఏదీ?" అన్నాను.

"నా దగ్గరే ఉంది బాబూ. ఎవరైనా తియ్యమంటారేమోనని చూస్తున్నా" అంది ఇస్త్రీ చేసే పిన్ని.

అందరం నవ్వలేక చచ్చాం.

నా నీలం స్వెట్టరు పంపు. అమ్మ కొత్త కళ్లజోడు పెట్టుకుంటోందా, డబ్బాలోనే దాస్తోందా? నర్సింగులో చేరనా అన్నయ్యా అని మూడు ఉత్తరాల్లో అడిగావు. తాళంచెవి నీ దగ్గరే ఉందే పిచ్చిమొద్దూ, తియ్యి!

అమ్మ కాళ్లకు నా దండం, నీ నెత్తిన ఒక మొట్టికాయ.

అన్నయ్య