ఒడ్డు కనిపించేంత దూరంలో

జనవరి 6

చిలక ఇవాళ షెడ్డులోంచి బయటికి వచ్చింది.

నాలుగేళ్ళుగా దాన్ని పాకాల రోడ్డు మీద మూతబడ్డ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షెడ్డులో, ట్యూబులైట్ల కిందే చూశాను. ఎండలోకి రాగానే వేరే వస్తువైపోయింది. చిన్నదైపోయింది. ఇరవై రెండడుగుల పడవంటే ఇంతేనా? క్రేను లేపినప్పుడు దాని కడుపు కనిపించింది. ఆకుపచ్చ. పార్కుల్లో జారుడుబల్లలకని తెచ్చిన రంగు మిగిలిపోతే శేఖర్ దీనికి పూశాడు. వర్క్‌షాపు వాళ్ళు చిలక అన్నారు. రిజిస్ట్రేషన్ కాగితాల్లోనూ చిలకే అయింది.

ఇదంతా ఒక హంస వల్ల. శేఖర్‌ది ఫైబర్‌గ్లాస్ పని. ఊరి గుళ్ళకి ఊరేగింపు వాహనాలు, పెళ్ళి మండపాలకి ఏనుగులు, బేకరీల ముందు ఐస్‌క్రీం బొమ్మలు. మా పెళ్ళైన ఏడాది ఒక హంస వాహనం వెల్లకిలా బయట ఉండిపోయి వానకి దాని పొట్ట నిండింది. రెండు రోజులైనా చుక్క కారలేదు. లోపల నీళ్ళు బయటికి పోకపోతే బయట నీళ్ళు లోపలికి రావు గదా మే, అన్నాడు నా మొగుడు. నేనప్పటికి మూడు ఉద్యోగాలు మానేసి ఉన్నాను. ఏర్పేడులో ప్రాజెక్టు అసిస్టెంటుగా ఉండగా కిటికీలోంచి గుట్టల్ని చూస్తూ కూర్చుంటానని మా మేడమ్ కంప్లయింట్. ఎక్కడికో పోవాలి. ఎక్కడికో తెలీదు. అట్లాంటప్పుడు ఈ మాట. పడవ కడదాం అనుకున్నాం.

అత్త దిష్టి తీయడానికి వచ్చింది. గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు పట్టుకుని చిలక చుట్టూ తిరిగింది. కారైతే చక్రం కింద పెడతారు, దీనికి చక్రాలే లేవు గదరా, యాడ పెట్టేది అని శేఖర్‌ని అడిగింది. చివరికి లారీ చక్రాల కింద పెట్టింది. డ్రైవర్ నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద తల వాల్చాడు. అత్త అతన్నీ వదల్లేదు. నవ్వుతా నడిపి యాడన్నా గుంతలో పెట్టేవు అబ్బా, దాంట్లో నా కొడుకు నాలుగేండ్ల నిద్ర ఉండాది అంది.

జనవరి 21, పళవేర్కాడు

తడ దాటి తమిళనాడులోకి వచ్చాక ఈ ఊరు, ఈ సరస్సు. పొద్దున పూట నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత ఉండదు. ఫ్లెమింగోలు గాల్లో నిలబడినట్టుంటాయి. చెన్నై క్లబ్బులో రెండేళ్ళు వారాంతాల్లో నేర్చుకున్న సెయిలింగ్ అంతా ఇక్కడ మళ్ళీ మొదట్నుంచి. ఎందుకంటే ఇది మా పడవ.

శేఖర్ చుక్కాని దగ్గర ఎక్కువసేపు కూర్చోడు. ఎక్కడో కిర్రుమంటే స్పానర్ పట్టుకుని అక్కడికి పోతాడు. నాకు ఆ కిర్రు వినపడదు. గాలి ఒకటే వినిపిస్తుంది.

ఒప్పందం చేసుకున్నాం. ఇక్కడి నుంచి పుదుచ్చేరి. దారిలో ఎవరు చాలు అన్నా పడవ ఒడ్డుకి తిప్పేయాలి. ఎందుకని అడగకూడదు, తర్వాత దెప్పకూడదు. తిప్పితే మాత్రం చిలకని అమ్మేద్దాం అన్నాడు. సగం దారిలో ఓడిపోయిన దాన్ని షెడ్డులో పెట్టుకుని రోజూ చూడలేడట. సరే అన్నాను. నేను చాలు అనను. రాసి పెట్టుకుంటున్నా, అనను.

ఫిబ్రవరి 2

పక్కనే రాకెట్ ప్రయోగం ఉందట, సముద్రంలోకి ఎవరూ పోకూడదట. రాకెట్ వాయిదా పడింది. మేమూ వాయిదా పడ్డాం.

ఫిబ్రవరి 8

నాయన వచ్చాడు. బంగారుపాళెం నుంచి బొలెరో వెనక నీళ్ళ క్యాన్లు వేసుకుని వచ్చాడు. సముద్రానికి నీళ్ళు తెచ్చిన మనిషి.

మన తోట బోరు నీళ్ళు, తియ్యగుంటాయి అన్నాడు. నడిసముద్రంలో నీళ్ళు యాడ దొరుకుతాయి పాపా, ఇంకొకటి ఎక్కించుకో, ఇంకొకటి. పడవకి బరువు లెక్కుంటాది మామా అని శేఖర్ అంటే, నీళ్ళు బరువా అని అడిగాడు, నిజంగానే ఆశ్చర్యపోయి.

నేనూ ఆయన కూతుర్నే. మేము కొని పెట్టుకున్న క్యాన్ల మీద ఆయనవి పెట్టి, అత్త పంపిన బాటిళ్ళని సందుల్లో కుక్కాను. బట్టలు తీసేశాను. ఒక లంగరు కూడా తీసేయబోతే శేఖర్ లాక్కున్నాడు. ఏదైనా తీస్తాం గానీ నీళ్ళెలా తీస్తాం?

నీళ్ళు ఇక్కడిదాకానే రావాలని చిలక పొట్ట మీద శేఖర్ గీసిన తెల్లగీత మునిగిపోయింది. ఇద్దరం చూశాం. పక్కనే నాయన ఉన్నాడు.

ఫిబ్రవరి 11, ఉదయం

మొగ దాటాం. సరస్సు సముద్రంలో కలిసే ఇరుకది. అడుగున ఇసుక ఇక్కడ తగులుతుందో, అక్కడ తగులుతుందో అన్నట్టుంది. ఒక అల ఎదురొచ్చి చిలకని నిలువునా లేపింది, దించింది. ఆ తర్వాత ఏమీ లేదు.

నా జన్మలో మొదటిసారి ఎదురుగా గుట్ట లేదు.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం

చిలక బరువుగా నడుస్తోంది. అలని ఎక్కాల్సింది పోయి నెత్తిన పోసుకుంటోంది. మేం కూర్చునే చోటికి రెండుసార్లు నీళ్ళొచ్చాయి. నాలుగు క్యాన్లు పారబొయ్ మే అన్నాడు శేఖర్. నువ్వే పొయ్ అన్నాను. నేను చుక్కాని వదిలితే ఎట్ల అన్నాడు.

మూత తీశాను. వంచలేకపోయాను. చిన్నప్పుడు మా వీధికి ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. బిందెలు వరసలో పెట్టి పక్కనే చాప వేసుకుని పడుకునేవాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి. ఒకసారి బిందె తన్నేసినందుకు అమ్మ నన్ను కొట్టలేదు, కూర్చుని ఏడ్చింది. అది దెబ్బ కంటే ఎక్కువ.

మొదటి క్యాను కళ్ళు మూసుకుని పోశాను. రెండోది కళ్ళు తెరిచి పోశాను. తీపి నీళ్ళు ఉప్పు నీళ్ళలో పడినచోట ఏదో ఒక రంగు, ఒక గీత కనిపిస్తుందనుకున్నా. ఏమీ లేదు. సముద్రానికి తెలియను కూడా తెలియలేదు. మూడోది వంచుతూ దోసిట్లో పట్టి తాగాను. మామిడి పూత వాసన వచ్చిందంటే ఎవరూ నమ్మరు. నాలుగోదానితో చిలక లేచింది. కాళ్ళ కింద తెలిసింది. ఆవు లేచినట్టు, వెనకవైపు ముందుగా.

నాయనకి చెప్పకూడదు.

ఫిబ్రవరి 11, సాయంత్రం

ఒడ్డు ముందు చెట్లుగా ఉండింది, తర్వాత గీతగా, ఇప్పుడు ఒట్టి అనుమానంగా ఉంది. గాలి సన్నగా వస్తోంది. పొడుగాటి అలలు, కింద ఎవరో దుప్పటి దులిపి దులిపి అలసిపోయినట్టు.

శేఖర్‌కి వాంతులు. పొద్దున ఇడ్లీ అనుకున్నాం. ఇడ్లీ పోయింది, టీ పోయింది, ఇప్పుడు ఏమీ లేకుండానే వస్తున్నాయి. తిరుమల ఘాట్‌రోడ్డులో కూడా కక్కనోడిని మే నేను, అని నవ్వుతున్నాడు. నవ్వడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోంది.

ఫిబ్రవరి 12, తెల్లవారుజాము

చెన్నై దీపాలు ఎంతకీ జరగవు. గాలి లేక మేమే జరగడం లేదు, వెనక ఉన్న చిన్న మోటార్‌ని ఒడ్డుకి చేరేటప్పటికని ఆపి పెట్టాం. చుక్కాని కదిపితే వెనక నీళ్ళు, లోపల మిణుగురులున్నట్టు, పచ్చగా వెలిగి ఆరిపోతున్నాయి. చెయ్యి ముంచితే చెయ్యి వెలిగింది. కాసేపు నా చెయ్యి నాది కాదు.

ఎప్పుడూ లోపల ఒకటి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది నాకు. క్లాసులో, బస్సులో, పెళ్ళిపందిట్లో. అది ఇవాళ కూర్చుంది.

శేఖర్ లోపల బకెట్ పట్టుకుని పడుకున్నాడు. చాలు అంటాడేమోనని భయంగా ఉంది. అతనికేమవుతుందోనన్న భయం కంటే ఇది ముందొచ్చింది. రాస్తున్నప్పుడైనా నిజం రాయాలి.

ఫిబ్రవరి 12, ఉదయం 9

ఓఆర్ఎస్ తాగిస్తే రెండు నిమిషాలు కూడా ఆగలేదు. చెంచాతో ఇచ్చినా అంతే. నాలుక చెక్కలా ఉంది. చేతి మీద చర్మం పట్టి వదిలితే ముడత అట్లాగే నిలబడుతోంది. పడవ నిండా మంచినీళ్ళు, చుట్టూ నీళ్ళు, మధ్యలో నా మొగుడు మా ఊరి చెరువులా ఎండిపోతున్నాడు.

చాలు అను, అన్నాను. అననన్నాడు. నువ్వూ అనొద్దు మే, నా కోసం అనొద్దు అన్నాడు. గొంతు లేదు, పెదాలే కదిలాయి.

ఒక పది అలలు వెళ్ళిపోయేదాకా చూశాను.

చాలు అన్నాను.

ఫిబ్రవరి 12, చెన్నై

కాసిమేడు హార్బర్‌లోకి నేనే తెచ్చాను. ఎలా తెచ్చానంటే చెప్పలేను. మోటార్ శబ్దం, పెద్ద ఓడ గోడ ఒకటి పక్కగా పోవడం, అంతే గుర్తు. తాడు అందుకున్న చెంగయ్య అనే పెద్దాయన తెలుగువాడే. పడవనుకుంటే జారుడుబల్ల వొచ్చిందే అన్నాడు. తర్వాత శేఖర్‌ని చూసి నోరు మూసుకుని భుజానికెత్తుకున్నాడు.

డ్రిప్ ఎక్కుతోంది. ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టింది. పూర్తి చేయలేదు.

ఫిబ్రవరి 14

ఇవాళ పెరుగన్నం తిన్నాడు. తిని, గోడ వైపు తిరిగి చెప్పాడు.

క్లబ్బులో నేర్చుకునేటప్పుడు కూడా కడుపులో తిప్పేదట. టాయిలెట్‌కని పోయి కక్కి, మొహం కడుక్కుని వచ్చేవాడట. అలవాటైపోతాది అనుకున్నాడట. మరెందుకు కట్టావు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పక్క బెడ్డు ఆవిడ చూసింది. కట్టాలని కట్టినా మే అన్నాడు. చెయ్యాలనే ఉన్నింది నాకు, పోవాలని కాదు. రెండూ ఒకటే అనుకున్నా. నువ్వు చుక్కాని పట్టుకున్నప్పుడు నీ మొగం చూసినాక గదా తెలిసింది, పోవడం అంటే అదని.

నాకు కోపం రావాలి. నాలుగేళ్ళు. రాలేదు. ఎందుకంటే పది అలల సంగతి నేనూ అతనికి చెప్పలేదు.

ఫిబ్రవరి 15

చిలకని చూడ్డానికి ఒక రిసార్టు ఆయన వచ్చాడు. నీళ్ళ కోసం కాదు. లాన్‌లో పెట్టి, లోపల మట్టి పోసి, పూలమొక్కలు వేస్తాడట.

ఫిబ్రవరి 16

రిసార్టుకి ఇవ్వనని శేఖర్ ఫోన్ చేసేశాడు, నన్నడక్కుండా. ఒప్పందం అన్నాను. ఒప్పందం ప్రకారమే అన్నాడు. వెనక్కి తిరిగింది నేను, చిలక కాదు గదా. నువ్వు పో. నేను బస్సులో వస్తా, ఈసీఆర్ మీద, సముద్రం పక్కనే గదా రోడ్డు. పడవ పోతా ఉంటే బయట్నుంచి నేను ఒక్కసారన్నా చూడలేదు మే. ఎప్పుడు చూసినా దాంట్లోనే ఉంటిని.

ఒక్కదాన్నే. ఆ మాట అన్నప్పటి నుంచి మనసులో క్యాన్లు లెక్కపెడుతూనే ఉన్నాను. భయమో, ఆశో, విడదీసి చూసే ఓపిక లేదు.

అత్తకి శేఖరే చెప్పాడు. స్పీకర్‌లో పెట్టకపోయినా వినిపించింది. మొగుడు బస్సులో, పెండ్లాం పడవలో, యా ఊర్లో ఉండాదిరా ఈ సంసారం? ఊర్లో వాళ్ళకి నేనేం చెప్పాల? కాసేపు తిట్టి, ఫోన్ నాకిమ్మంది. నాతో ఒకటే అంది. వాడు కట్టింది గట్టిగనే ఉంటాది, దాన్ని నమ్ము, వాడు చెప్పింది నమ్మద్దు.

నాయనకి నేను చెప్పాను. వెనక తోటలో బోరు మోటారు పోస్తున్న చప్పుడు వినిపించింది. ఇంకెవరు తోడు అని అడుగుతాడనుకున్నా, ఆడపిల్లవి అంటాడనుకున్నా. నీళ్ళుండాయా పాపా అన్నాడు.

ఉండాయి నాయనా అన్నాను.

ఫిబ్రవరి 18, ఉదయం

హార్బర్ దాటాను. చెంగయ్య తాడు విసిరి, రాత్రికి కోవళం దగ్గర లంగరెయ్, ఓడల దారిలోకి పోబాకు, ఒడ్డు కనిపించేంత దూరంలోనే పో తల్లీ అన్నాడు. ఈశాన్యపు గాలి, వెనక నుంచి. తెరచాప ఒక్కసారి పటపటలాడి నిండింది.

ఎవరూ లేని పడవలో నా గొంతు నాకే కొత్తగా ఉంది. చిలకతో మాట్లాడుతున్నా.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం

ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది, శేఖరే. మహాబలిపురం అవతల ఏదో పల్లె, పేరు కనుక్కోలేదట, ఇసుకలో నిలబడ్డాడట. కనిపిస్తున్నావు అన్నాడు. నాకు కనిపించలేదు. సరుగుడు తోట, గుడిసెలు, చుక్కల్లాంటి మనుషులు. అందులో ఏ చుక్క?

ఎట్లుంది అని అడిగాను. పలకలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా. ఊపిరి వినిపిస్తోంది. తెల్లగీత నీళ్ళపైన ఉందా అన్నాను. ఉండాది అన్నాడు. ఎంతసేపు విన్నానో అతని ఊపిరి, అలల చప్పుడు అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి.

చివరికి గొంతు సవరించుకుని, ఎడం పక్కకి రవ్వంత వాలినట్టుండాది, ఆ క్యాన్లు కుడిపక్కకి జరుపు మే అన్నాడు.

జరిపాను. ఇప్పుడో అని అడిగాను. ఇప్పుడు సరిగ్గా ఉండాది అన్నాడు. ఏడుస్తున్నాడని తెలిసింది.

ఫిబ్రవరి 20

మరక్కాణం దాటాక గాలి పడిపోయింది. తెరచాప వేలాడుతోంది. చిలక నిద్రలో నడిచినట్టు నడుస్తోంది.

నీళ్ళ అంచున ఒకతను నడుస్తున్నాడు. చెప్పులు చేతిలో. దక్షిణంగా, నేను పోయేవైపే, నాకంటే వేగంగా. చాలా ముందుకి పోయాక చూసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, నీళ్ళవైపు తిరిగి నిలబడ్డాడు నా మొగుడు.

మోటార్ వెయ్యలేదు. నిలబడనీ. చూడనీ.